పులి నాకిన తుపాకీ

హనుమయ్యగారికి ఒకటే పిచ్చి. పులి. ఆ పులి ఏడాదికేడాది పెరుగుతూనే ఉంటుంది.

తిరువూరు బస్టాండు వెనక, పాత బంగళాలోని చిన్న మ్యూజియంలో వాళ్ళ తాతగారి తుపాకీ ఉంది. చెక్క పిడి మీద దంతపు చిలకలు. గొట్టం పొడవునా బంగారు తీగలు, వాన వెలిశాక పాదు మీద పడ్డ ఎండలా. అదంతా ఒక పక్కే. రెండో పక్క బోడి ఇనుము.

"ఇటేమైందండీ?" అని ఎవరైనా అడగడమే ఆలస్యం, పక్క కుర్చీలోంచి హనుమయ్యగారు లేస్తారు.

"పులి నాకింది."

మ్యూజియం చూసుకునే సుప్రజ ఉద్యోగంలో చేరినప్పుడు ఆ పులి దూడంత ఉండేది. మామిడికాయల రోజులొచ్చేసరికి ఎద్దంత అయింది. మొన్న గంపలగూడెం బడిపిల్లల ముందు షేర్ ఆటోలో పట్టనంత అయింది.

"మరి మీ తాతగారు కాల్చలేదా?" అందో పిల్ల.

"అంత ముద్దుగా నాకుతుంటే ఎలా కాలుస్తాడమ్మా!"

సుప్రజ కూడా నవ్వింది కానీ లోపల గుబులు. ఎందుకు పాడైందో తేలని వస్తువులను గోదాముకి పంపేయమని పైనుంచి ఉత్తరువొచ్చింది.

"నిజం చెప్పండి బాబాయిగారూ. సోమవారంలోగా కారణం రాసి పెట్టకపోతే తుపాకీని తీసుకుపోతారు."

"పోనీ. పులి పులే."

అన్నారే గానీ, ఆ సాయంత్రం తలుపులు మూసేదాకా ఆయన కుర్చీ వదల్లేదు.

శనివారం ఎ.కొండూరు నుంచి రూత్ అనే టీచరు తన అమ్మమ్మ జ్ఞానమణిని తీసుకొచ్చింది. ఆ ముసలామెను చూడగానే హనుమయ్యగారు గొంతు పెంచేశారు.

"ఏనుగంత పులమ్మా..."

"ఇంకా ఆ పులేనా బాబూ!" జ్ఞానమణి పకపకా నవ్వింది. సుప్రజ వైపు తిరిగింది. "ఆ పులిని నేనేనమ్మా. అప్పట్లో వాళ్ళింట్లో కొత్తగా పనికి కుదిరా. దసరాకి ఆయుధపూజ అని బిందెలతో పాటు దీన్నీ తోమడానికి వేశారు. చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమా. ఒక పక్క అయ్యేసరికి బంగారమంతా నీళ్ళలో పోయింది! పెద్దయ్యగారు ఒకటే కేకలు. పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. ఇంతలో ఈ బాబు, ఇంత పిల్లాడు, 'తాతా, పులొచ్చి నాకింది, నేను చూశా' అన్నాడు."

"ఆయన నమ్మారా?"

"ఎక్కడ నమ్ముతాడు! కానీ తెల్లారేసరికి ఊరంతా తిరిగి ఆయనే చెప్పుకున్నాడు. పులి నాకిన తుపాకీ ఇంకెవరింట్లో ఉందని?"

హనుమయ్యగారు తల దించుకున్నారు. "ఊరుకో జ్ఞానమణీ. పాడుచేసింది నువ్వేనని రాసి పెడతారు."

"రాయనీ బాబూ. నా చేతిపనిని అద్దాల పెట్టెలో పెట్టారు, పేరుండొద్దా?"

సుప్రజ అక్కడికక్కడే అట్ట మీద రాసి అతికించింది: 'ఈ పక్క చింతపండుతో తోమినది జ్ఞానమణి.' ఇక తుపాకీ ఎక్కడికీ పోదు.

రూత్ చదివి వినిపిస్తే జ్ఞానమణి మురిసిపోయింది. కళ్ళజోడు సర్దుకుని, వంగి బంగారు తీగలున్న పక్క చూసింది.

"ఇటు మసకేసింది. అమ్మాయీ, కాస్త చింతపండు దొరుకుద్దా?"

హనుమయ్యగారు ఒక్క ఉదుటున లేచి అద్దాల పెట్టెను రెండు చేతులా కావలించుకున్నారు.