బంగారు పూస కరిగిన నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న బంగారమంతా కలిపితే రేగు గింజంత. అది మా అవ్వ పూస. తాతయ్య రైలు పట్టాలు వేసే పనికి పోయి, ఆ కష్టంతో చేయించి తెచ్చాడట. తాతయ్య పోయాక అవ్వ దాన్ని మెడలోంచి తీసి వక్కాకు సంచిలో దాచుకుంది. కరువులో మా ఇత్తడి బిందెలు సంతకు పోయాయి గానీ, పూస మాత్రం ఆ సంచి దాటలేదు. నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఏడాది, ఉగాదికి దాన్ని నల్ల దారానికి గుచ్చి నా మెడలో కడతానంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు.

మెరుగు పెట్టించుకు రమ్మని నన్నే పక్కింటి ఆచారి తాత దగ్గరికి పంపింది. ఆయన కంసాలి. కరువు రోజుల్లో నగలు చేయించుకునే నాథుడు లేక, కొన్నేళ్లు డోన్ స్టేషన్‌లో టెలిగ్రాంలు పంపే తంతి ఆఫీసు బ్యాటరీ జాడీలు చూసుకునే పని చేసి వచ్చాడు. నా ప్రశ్నలకు విసుక్కోని పెద్దమనిషి మా ఊళ్లో ఆయనొక్కడే. నా నోటికి తట్టుకోలేకే మా ఇంట్లోవాళ్లు నన్ను అక్కడికి తరిమేవారని నా అనుమానం.

ఆయన పూసను వేడి చేసి లోపలి లక్క తీసేశాడు. పల్చటి డొల్ల మిగిలింది. దాన్ని గాజు గిన్నెలో వేసి తేజాబు పోశాడు. సురేకారంతో చేసే ఘాటైన ఆమ్లమది. గీటురాయి మీద గీసిన బంగారాన్ని పరీక్షించేది దానితోనే. అది రాగిని తింటుంది, వెండిని తింటుంది, బంగారం జోలికి మాత్రం పోదని చెప్పాడు. గిన్నెను కుంపటి పక్కన వెచ్చటి బూడిదలో పెట్టి, ముట్టుకోవద్దని నాకు గట్టిగా చెప్పి, సంగటి తినడానికి లోపలికి పోయాడు.

నేను ముట్టుకోలేదు. అంతవరకు బుద్ధిమంతురాలినే. కానీ పూస ఇంకా మసకగానే కనిపించింది. మా ఇంట్లో ఏది తోమినా చింతపండూ ఉప్పూ వేసి తోముతారు. తేజాబు చింతపండును మించిన పులుపని ఆయనే ఒకసారి అన్నాడు. ఇక తక్కువైంది ఉప్పే కదా అనుకున్నాను. ఇంటికి పరుగెత్తి గుప్పెడు కల్లుప్పు తెచ్చి గిన్నెలో వేశాను.

నీళ్లు పచ్చబడ్డాయి. ముక్కు మండే పొగ లేచింది. దూరంగా జరిగి చూస్తూ ఉండగానే పూస అంచులు పోయాయి, తర్వాత పూసే పోయింది. నాకు ఏడుపు కూడా రాలేదు. పాత గుడ్డతో గిన్నె పట్టుకొని పెంటదిబ్బ వైపు నడిచాను. కాకి ఎత్తుకుపోయిందని చెప్పాలని దారిలోనే అనుకున్నాను. గిన్నె వంచబోతుండగా వెనక నుంచి ఆచారి తాత గొంతు వినిపించింది.

"పారబోయొద్దు పాపా. మీ అవ్వ పూస యాడికీ పోలేదు. ఆ నీళ్లలోనే ఉండాది."

ఆయన తిట్టలేదు. గిన్నె తీసుకుని గాలి ఆడేలా ఆరుబయట పెట్టి, ఏం వేశావని అడిగాడు. ఉప్పు అన్నాను. ఆయన ముఖంలో కోపానికి బదులు ముచ్చట కనిపించింది. బంగారాన్ని కరిగించాలనుకుంటే కంసాలులు చేసే పనే నేను తెలియక చేశానట.

తంతి జాడీల సంగతి అప్పుడు చెప్పాడు. మైలుతుత్తం కలిపిన నీలం నీళ్లలో రాగి, మరో పక్క జింకు ఉంటాయి. జింకు తన దగ్గరున్న కరెంటును తేలిగ్గా వదిలేసి కరిగిపోతుంది. ఆ కరెంటు తీగ వెంట వచ్చి నీళ్లలోని రాగిని మళ్లీ లోహంగా కూడగడుతుంది. ఒక్కో లోహానిది ఒక్కో పట్టు. జింకుది వదులు, రాగిది కొంచెం గట్టి, వెండిది ఇంకా గట్టి, బంగారానిది అన్నింటికన్నా గట్టి. ఒట్టి తేజాబు బంగారం నుంచి రవ్వంత లాగినా, అది వెంటనే వెనక్కి వచ్చి అతుక్కుంటుంది. ఉప్పు తోడైతే ఊడిన రవ్వను ఊడినట్టే పట్టుకుపోతుంది. ఒకటి లాగాలి, ఒకటి పట్టుకోవాలి, అందుకే రెండూ కావాలన్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఎలక్ట్రాన్, క్లోరైడ్ అనే మాటలు చదువుకున్నప్పుడు, ఇవి నాకు ముందే తెలుసే అనిపించింది.

"మరి వెనక్కి ఎట్లొస్తాది తాతా?"

"పట్టు తక్కువోడిని అందులో ఎయ్యాల. వాడు కరిగి, దీన్ని బయటికి తోలుతాడు."

ముందు నీళ్లను వడగట్టి అడుగున మిగిలిన తెల్లటి వెండి మడ్డిని తీసేశాడు, తర్వాత రాగి రేకులు వేశాడు. బుసబుసమని పొంగి, నీళ్లు ఆకుపచ్చగా మారాయి. పొంగు ఆగేదాకా రేకులు వేస్తూనే ఉన్నాడు. అడుగున గోధుమరంగు మడ్డి దిగింది. పూస పోయి బురదే మిగిలిందని నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఆయన దాన్ని బాగా కడిగి, వడగట్టి, మలినాలు తేలిపోవడానికి వెలిగారం వేసి మట్టి మూసలో కరిగించాడు. మూస వంచితే పచ్చటి చుక్క జారిపడింది. అంత పచ్చటి బంగారాన్ని నేనెప్పుడూ చూడలేదు. రెండు రోజులకు మళ్లీ పూస చేసి, నన్ను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

అవ్వ దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. పాత పూస కాస్త ఎర్రగా ఉండేది. ఇది పసుపుపచ్చగా ఉంది, కొంచెం చిన్నగా కూడా ఉంది.

"ఏమప్పా, ఇది మా ఆయన తెచ్చిందేనా? మార్చినావా?"

పాతదాంట్లో కలిసిన వెండీ రాగీ వెనకే ఉండిపోయాయని ఆయన చెప్పొచ్చు. చెప్పలేదు. నా వైపు చూసి ఊరుకున్నాడు. జీవితమంతా మంచిపేరుతో బతికిన మనిషి నా వల్ల దొంగలా నిలబడ్డాడు. అది నేను తట్టుకోలేకపోయాను. ఉప్పు సంగతి, పెంటదిబ్బ సంగతి, కాకి సంగతి అన్నీ చెప్పేశాను.

"దిబ్బ దాకా పోయినావా?" అంది అవ్వ.

"పోయినా."

అవ్వ పూసను వేళ్ల మధ్య దొర్లించి, "దిబ్బ దాకా పోయింది కూడా దాచలేదు నువ్వు. అట్లయితే ఇది అదే" అని దారానికి గుచ్చి నా మెడలో కట్టింది.

ఆ పూస ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఏదైనా చెడగొట్టిన రోజున ఈ వయసులో కూడా నా చేయి ముందు పారబోయడానికే లేస్తుంది. అప్పుడు మెడలో పూస తడుముకుని, చేతిలోది కింద పెట్టి, ఇంట్లో ఎవరుంటే వాళ్లను పిలిచి జరిగింది చెబుతాను.