రెండో చరణం తర్వాత

చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, నా ఒళ్లోని క్యాసెట్ల పెట్టె చూసి, "ఇయ్యన్నీ ఏందప్పా?" అన్నాడు. తిరుపతి ఆఫీసులో పల్లెపాటల పాత స్పూల్ టేపుల్ని క్యాసెట్లలోకి ఎక్కించడం నా ఉద్యోగమని చెప్పినాను.

ఆయన నా వైపు తిరిగి కూర్చుని ఊరి పేరు చెప్పినాడు. "మా ఊరికీ మిషను తెచ్చినారు. మా ఇంటామె నాట్లపాట పాడింది. మద్దెలో పాట మర్సిపోయి, నన్ను సూసి పక్కున నవ్వింది. ఆమె పోయి మూడేండ్లాయ. పాటదేముండాదిలే, అది నాకూ వచ్చు. ఆ నవ్వు ఉండాదా?"

ఆ పాట నాకు బాగా గుర్తే. రెండో చరణం తర్వాత వచ్చే ఆ నవ్వూ గుర్తే. క్యాసెట్టులో చోటు చాలదని, దగ్గులూ నవ్వులూ తప్పుల కింద జమకట్టి తీసేసేవాణ్ని. ఏం పొదుపో అది! ఆ స్పూలు మీద అప్పటికే ఎవరిదో ఉపన్యాసం రికార్డు చేసేసినాం.

"ఉండాది పెద్దాయనా," అన్నాను.

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "కోతలైనాక వస్తా. ఒక్కసారి వినిపిస్తే సాలు," అని చంద్రగిరిలో దిగిపోయినాడు.

కోతలైనాయి. ఆయన రాలేదు. రాకపోవడమే మంచిదైందని అప్పుడు అనుకున్నాను. ఆ సంగతి చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ క్యాసెట్టు ఇంకా ఉంది. రెండో చరణం తర్వాత టక్కుమని ఒక చిన్న చప్పుడు వస్తుంది. అది నేను మీట నొక్కిన చప్పుడు.