స్పానర్ బాబాయ్ విప్పని బోల్టు

స్పానర్ బాబాయ్‌కి మనుషులంటే పడదు. అలాంటివాడు పదకొండేళ్లుగా సేవా క్లబ్బులో సభ్యుడు. పడేది మనుషులతో కాదు, వాళ్లు కూర్చునే చక్రాల కుర్చీలతో.

సైకిల్ షాపు అతని బతుకుతెరువు. అది కట్టేశాక రోజూ సాయంత్రం రెండు గంటలు క్లబ్బు వెనకగదిలో గడుపుతాడు. అక్కడ పద్నాలుగు కుర్చీలున్నాయి. కాలు విరిగినవాళ్లూ పక్షవాతం వచ్చినవాళ్లూ ఊరికే పట్టుకుపోయి, కోలుకున్నాక తిరిగి తెచ్చిస్తారు. ఆ క్లబ్బు చేసే అసలు సేవ అదొక్కటే. ముందుహాల్లో జరిగేదంతా బొకేలు, ఉపన్యాసాలు, ఫోటోలు. ఫోటోలో మధ్యన నిలబడేది ఫర్నిచర్ షాపు ఓనరైన ప్రెసిడెంటు. బాబాయ్‌ని ఏ ఫోటోలోనూ ఎవరూ చూడలేదు.

సభ్యులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఇరవై మంది లేని క్లబ్బుకి గుర్తింపు రద్దని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చేసరికి పంతొమ్మిది మంది మిగిలారు. గడువు నెలాఖరు. గుర్తింపు పోతే గది పోతుంది, కుర్చీలు ఏ గోడౌన్లోనో తుప్పు పడతాయి.

"పోయినవాళ్లలో ఒక్కణ్ణి పట్టుకురా. నీకు మొహమాటం లేదుగా," అన్నాడు ప్రెసిడెంటు.

బాబాయ్ ముందు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

"మూడేళ్లు వచ్చాను బాబాయ్. నేనేం చేశానో ఒక్కటి చెప్పు."

"చప్పట్లు కొట్టారు."

"అవి ఇంట్లోనే కొట్టుకుంటాలే," అని డాక్టరు తరువాతి పేషెంటుని పిలిచాడు.

మరో ముగ్గురి ఇళ్లకి కాళ్లరిగేలా తిరిగాక, ఇక నర్సమ్మ ఒక్కతే మిగిలింది. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. క్లబ్బుకి నాలుగు నెలలొచ్చి, చెప్పాపెట్టకుండా మానేసింది. బాబాయ్‌ని చూడగానే గడపకి అడ్డంగా నిలబడింది.

"ఎందుకొచ్చావయ్యా? మా తలుపు కూడా విప్పి మళ్లీ బిగిస్తావా?"

"క్లబ్బుకి మళ్లీ రమ్మని అడగడానికి. నేనేం చేశానండీ?"

"గంటసేపు నేలమీద కూర్చుని బ్రేకు బిగించాను. చేతులు కడుక్కొచ్చేసరికి నువ్వు దాన్ని విప్పేస్తున్నావు. అందరిముందూ!"

"అది సరిగ్గా లేదు."

"ఏం సరిగ్గా లేదు?"

బాబాయ్ తల గోక్కున్నాడు. ఏం సరిగ్గా లేదో అతనికి తెలియదు. ఆ రోజు అతను కనీసం బ్రేకు నొక్కి చూడలేదు. వేరేవాళ్ల చెయ్యి పడిందని విప్పాడు, అంతే.

"చూడకుండానే విప్పావా?" అంది నర్సమ్మ. మొహమ్మీదే తలుపేసింది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే భార్య ఓదార్చలేదు.

"నేను తాళం వేస్తే మీరు తీసి మళ్లీ వేసేవారు. నేను తాళం వెయ్యడమే మానేశాను. ఆవిడకి మీతో సంసారం లేదుగా, అందుకని క్లబ్బు మానేసింది."

బాబాయ్‌కి ఒళ్లు మండింది. ఆ మంట మీద అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ముప్పయ్యో తారీఖు పొద్దున్నే ఒక చక్రాల కుర్చీని వీధుల్లోంచి తోసుకుంటూ నర్సమ్మ వాకిట్లో పెట్టాడు. పక్కన పనిముట్ల సంచీ దించాడు.

"బ్రేకు పట్టడం లేదు. రేపు ఒక పెద్దాయనకి ఇవ్వాలి. మీరు బిగించాలి."

"నువ్వేం చేస్తావు?"

"కూర్చుంటాను."

"ఆ చేతులో?"

బాబాయ్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని మెట్టుమీద కూర్చున్నాడు. నర్సమ్మ అతన్ని ఎగాదిగా చూసి, కొంగు బిగించి పనిలోకి దిగింది. స్పానరు పట్టడమే తిరగేసి పట్టింది. బాబాయ్ పళ్లు కొరుక్కున్నాడు. ఎడమవైపు బోల్టు ఇంకో అరచుట్టు తిరగాలి. ఆవిడ తిప్పలేదు. ఆ అరచుట్టు అతని గుండెల్లో తిరిగింది.

"అయింది," అని ఆవిడ చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

బాబాయ్, కుర్చీ, స్పానరు మిగిలారు. ఒక చెయ్యి జేబులోంచి బయటికొచ్చి స్పానరు దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. అతను కుర్చీని వాకిటి ఏటవాలు మీదికి తోసి, బ్రేకు వేసి, తనే ఎక్కి కూర్చుని కాళ్లు పైకెత్తాడు. కుర్చీ ఒక క్షణం నిలబడింది. తరువాత ఎడమ చక్రం దొర్లి, పక్కకి జారుతూ పోయి గేటుకి ధనాలున కొట్టుకుంది.

చప్పుడుకి నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది.

"విప్పావా?"

"లేదు. ఎక్కి చూశాను. ఎడమవైపు పట్టడం లేదు."

ఆవిడ వంగి బోల్టు చూసుకుంది. స్పానరు తీసుకుని అరచుట్టు తిప్పింది.

"లేవకు. మళ్లీ చూడు."

ఈసారి కుర్చీ కదల్లేదు. నర్సమ్మ చెయ్యి చాచింది. బాబాయ్ జేబులోంచి సభ్యత్వ ఫారం తీసిచ్చాడు.

"చప్పట్లు కొట్టమంటే మాత్రం రాను," అని గ్రీజు వేళ్లతోనే సంతకం పెట్టింది. గడి దాటి పెట్టింది. బాబాయ్ చూసి కూడా నోరెత్తలేదు.

మధ్యాహ్నం ఆ ఫారం చూసి ప్రెసిడెంటు మొహం చిట్లించాడు.

"ఏంటీ మరకలు? పై ఆఫీసుకి ఇలా పంపిస్తామా? ఇంకోటి నీట్‌గా రాయిద్దాం."

"దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నాడు స్పానర్ బాబాయ్.