సుగుణ మేడం గాల్‌బ్లాడర్ పాఠం

ఈ ఉదయం నేను పాఠాలు చెప్పే డిపార్ట్‌మెంటులో అటెండరు ఫార్మలిన్ డబ్బా మూత తీశాడు. ఆ ఘాటుకి ఎవరికైనా కళ్ళ నీళ్ళొస్తాయి. నాకు నవ్వు కూడా వస్తుంది, సుగుణ మేడం గుర్తొచ్చి. ఆవిడ మా యూనివర్సిటీలో జువాలజీ ప్రొఫెసరు, నా పీహెచ్‌డీ గైడు. పెళ్ళి చేసుకోలేదు. తార్నాక ఫ్లాట్‌లో ఒక్కరే ఉండేవారు. అందుకే గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని ఆపరేషన్ చేయించుకున్నప్పుడు ఇంటి మనిషిగా ఆసుపత్రికి వెళ్ళింది నేనే.

ఆపరేషన్ కాగానే తీసేసిన గాల్‌బ్లాడర్‌ని ఫార్మలిన్ డబ్బాలో వేసి, పరీక్షకు ల్యాబ్‌లో ఇమ్మని నా చేతిలో పెట్టారు. మేడంకి అప్పుడే మెలకువ వచ్చింది.

"ల్యాబ్‌కు తర్వాత ఇయ్యొచ్చు తియ్. ముందుగాల డిపార్ట్‌మెంటుకు తీస్కపో. నేనొచ్చి క్లాసు చెప్త."

"మీ గాల్‌బ్లాడర్ మీదా మేడం?"

"మరి నీదిస్తవా?"

ఆవిడ మాటకు ఎదురు చెప్పిన స్కాలరు ఇంతవరకు పుట్టలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాను. "ఏంది మేడం, పచ్చడా?" అన్నాడు డ్రైవరు. ఉన్నది చెప్పాను. క్యాంపస్ గేటు దాకా ఒక్క స్పీడ్ బ్రేకరు మీదా కుదుపు రానివ్వలేదు.

డిశ్చార్జి అయిన మర్నాడే మేడం పొట్ట పట్టుకుని క్లాసుకొచ్చారు. ట్రేలో ఒక పక్క సంచి, ఒక పక్క రాళ్ళు. పిల్లలంతా రాళ్ళ మీద పడి ఫోటోలు తీస్తున్నారు.

"రాళ్ళ మీద పడ్డరేందిరా? సంచి చూడుండ్రి! జబ్బు దానికొస్తది గానీ రాళ్ళకొస్తదా?"

ఫోర్‌సెప్స్‌తో సంచిని విప్పి, లోపలి గోడ చూపిస్తూ చూపిస్తూ ఒకచోట ఆగారు. ఒంగి చూశారు.

"గీడ గోడ మందంగున్నది. ఒక్క కాడనే గట్టిపడ్డది." నా వైపు తిరిగారు. "ల్యాబ్‌ల ఇచ్చి రాపో. ఇప్పుడే."

నేను ఇచ్చి తిరిగొచ్చేసరికి ఇంకా పాఠం చెబుతూనే ఉన్నారు. పీరియడ్ అయిపోయి చాలాసేపయింది. ఆకలికి పిల్లల ముఖాలు వాడిపోయాయి.

రిపోర్టులో క్యాన్సరని వచ్చింది. దాన్ని ఆనుకుని ఉండే కాలేయంలో కొంత ముక్క తీయడానికి ఇంకో ఆపరేషన్ అన్నారు. "ఆ ముక్క కూడ నాకే ఇయ్యాలె" అన్నారు మేడం. "ఈసారి మీ చేతికి రాదమ్మా" అని సర్జన్ దండం పెట్టాడు. నాకు మాత్రం తిండి సహించలేదు.

ఆపరేషన్ ముందు రోజు అడిగాను. "ఆ గోడ చూడగానే భయం వేయలేదా మేడం?"

"ఎందుకెయ్యదే? టేబుల్ పట్టుకొని నిలబడ్డ."

"మరి క్లాసు ఆపేయాల్సింది."

"ఆపితే ఇంటికి పోవాలె. ఇంట్ల నేనొక్కదాన్నే. గాడ అంతమంది పిల్లలున్నరు."

ఆపరేషన్‌లో చూస్తే జబ్బు ఇంకెక్కడికీ పాకలేదు. మేడం రిటైరయ్యేదాకా పిల్లల్ని, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని తిడుతూ హాయిగా బతికారు. మొన్న వేసవిలో నిద్రలోనే పోయారు.

భయం వేసిన రోజు నేను సెలవు పెట్టను. డాక్టరు దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి నేరుగా క్లాసుకి వెళ్తాను. ఆవిడ పోయిన మర్నాడూ వెళ్ళాను. పాఠం మధ్యలో ఏడుపొచ్చింది. ముందు బెంచీలో అమ్మాయి లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఇంట్లో అయితే నేనే లేచి తెచ్చుకోవాల్సి వచ్చేది.