నాయన పేరు లేని పేజీ

మొన్న అమీన్‌పూర్‌లో మా పక్క ఫ్లాట్ అమ్మాయి తన పీహెచ్‌డీ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. కృతజ్ఞతల పేజీలో అందరికంటే ముందు, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసే తన తల్లి పేరు రాసుకుంది. బాగుందని చెప్పి పంపించానే గాని, తలుపు వేసుకున్నాక ఏడుపు ఆగలేదు.

మన రోజుల్లో యూనివర్సిటీలో కంప్యూటరు ముందు కూర్చోవడానికి వంతు కోసం ఎంత కాచుకునేవాళ్లమో నాతో చదివిన మీకూ గుర్తుండే ఉంటుంది. నక్షత్రాలు తమ కడుపులో ఇనుము లాంటి మూలకాలను ఎలా తయారు చేస్తాయో, చనిపోతూ వాటిని గెలాక్సీలో ఎలా వెదజల్లుతాయో ఆ కంప్యూటరులో లెక్కకట్టి చూడడమే నా పరిశోధన. రెండేళ్లు గడిచినా నా లెక్కలో తర్వాతి తరం నక్షత్రాలకు ఇనుము చాలేది కాదు. ఇక చదువు మానేద్దామనుకుని ఇస్నాపూర్‌లో మా కిరాయి గదికి వచ్చేశాను.

నాయన పటాన్‌చెరు దగ్గర ఇనుము కరిగించే బట్టీలో పనిచేసేవాడు. అన్నం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్న నన్ను చూసి ఏంది పరేషాన్ అని అడిగాడు. పాత నక్షత్రాలు వెదజల్లినదంతా గెలాక్సీ దాటి పోతుందనీ, తర్వాతివి ఏమీ కలవని వాయువుతోనే పుడతాయనీ లెక్క వేశానని విసుక్కుంటూనే చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ నవ్వాడు.

"మొత్తం ఎట్ల పోతది బిడ్డా? మా బట్టీనే ఎన్నడు మొత్తం ఖాళీ చెయ్యం. అడుగుల జెర పాత ఇనుము ఉంచి, దాంట్లనే కొత్త తుక్కు ఏస్తం."

తిరిగి వెళ్లి, కొంత ఇనుము గెలాక్సీలోనే ఉండిపోయేలా లెక్క మార్చాను. కుదిరింది. పుస్తకం అచ్చువేసేటప్పుడు కృతజ్ఞతల పేజీలో గురువుల పేర్లు, స్నేహితుల పేర్లు, కంప్యూటరు గది తాళాలు తీసే మనిషి పేరుతో సహా రాశాను. బట్టీ కార్మికుడి మాట విని లెక్క దిద్దుకున్నానంటే నవ్వుతారని నాయన పేరు వదిలేశాను. సిగ్గుపడ్డాను, ఇంకో సాకు లేదు.

నాయనకు ఇంగ్లీషు రాదు గాని, హాజరు కార్డు మీద రోజూ చూసి చూసి తన పేరు మాత్రం గుర్తుపట్టేవాడు. పుస్తకం చేతిలో పెట్టగానే, సాయం చేసినవాళ్ల పేర్లు రాసిన పేజీ ఏదని అడిగి, పైనుంచి కిందిదాకా వేలు పెట్టి వెతుక్కున్నాడు. మళ్లీ ఒకసారి మొదటినుంచి వెతికాడు.

"మంచిగ అచ్చేసిండ్రు బిడ్డా" అని పుస్తకం మూసి, అట్టను తువ్వాలతో తుడిచి ఇచ్చాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన ఆ ఊసెత్తలేదు, నేనూ క్షమించమని అడగలేదు.

ఇప్పటి పిల్లలు కన్నవాళ్ల పనిని చెప్పుకోవడానికి సిగ్గుపడడం లేదు, చల్లగా ఉండాలి. నిన్న నేనూ ఆ పాత పుస్తకం తీసి, పేజీలో అన్నిటికంటే పైన, హాజరు కార్డు మీద ఉన్నట్టే పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో నాయన పేరు రాశాను. వేలు పెట్టి వెతుక్కునే మనిషి ఇప్పుడు లేడు.