లెన్సు బాబాయ్ కప్పకన్ను

గాజుముక్క ఏది కనబడినా దాన్ని కంటికి ఆనించుకుని ఒకసారి లోకాన్ని చూడందే లెన్సు బాబాయ్‌కి ముద్ద దిగదు. ఆసుపత్రిలో ఆయన ఎక్స్‌రేలు తీసే ఉద్యోగి. జీతం ఎముకల ఫోటోలకి వస్తుంది గానీ ప్రాణమంతా లెన్సుల మీదే. మూతబడ్డ సినిమాహాలు ప్రొజెక్టరులోంచి ఒకటి, పాడైపోయిన జిరాక్స్ మిషనులోంచి ఒకటి, భూములు కొలిచేవాళ్ళు పారేసిన దుర్భిణిలోంచి ఒకటి ఊడబెరికి తెచ్చి, నల్లటేపు చుట్టి, తన పాత రీలు కెమెరాకి తగిలిస్తాడు. మామూలు లెన్సుతో మామూలు ఫోటో తీయమంటే మాత్రం "అది ఎవరైనా తీస్తారండీ" అని మొహం చిట్లిస్తాడు.

ఒక ఆదివారం ఇంట్లో తోచక, వచ్చినవాళ్ళెవరో లోపల్నుంచి చూసుకోవడానికి వీధి తలుపుకి పెట్టిన గాజుకన్ను విప్పేశాడు. తలుపుకి కన్నం మిగిలింది. మూడు నెలల తర్వాత ఆయన భార్య ఆసుపత్రికే వచ్చి పెద్ద సిస్టర్ దగ్గర గోడు వెళ్ళబోసుకుంది.

"బెల్లు కొడితే నేను కన్నంలో కన్ను పెట్టి చూస్తాను సిస్టర్ గారూ. వాళ్ళూ అవతల్నుంచి కన్ను పెట్టి చూస్తారు. ఎవరు ఎవర్ని చూస్తున్నామో తెలీక ఇద్దరం జడుసుకుంటున్నాం."

"మీ ఆయన్ని నిలదీయలేదా?"

"నిలదీశాను. కన్నం బాగానే ఉంది కదా, గాలి వస్తుంది అన్నారు."

మరోసారి అన్నం డబ్బా అనుకుని, దూదిలో చుట్టిన లెన్సు ఉన్న డబ్బా పట్టుకొచ్చాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి మూత తీశాడు. నాలుగింటికి భార్య ఫోను చేసి "అన్నం ఇంట్లోనే ఉండిపోయింది, ఏం తిన్నారు?" అని అడిగేదాకా ఆయనకి ఆ సంగతే గుర్తు లేదు.

లెన్సుల తర్వాత ఆయన పిచ్చి పాత ఫోటోలు. చిత్తుకాగితాల కొట్లో ముక్కూమొహం తెలియనివాళ్ళ గ్రూపు ఫోటోలు ఏరి తెచ్చుకుని, భూతద్దం పెట్టి అంచులు మాత్రమే చూస్తాడు. "మధ్యలో కూర్చున్న పెద్దమనిషి పేరు కింద రాసే ఉంది. ఈ చివర సగం తెగిపోయిన చెయ్యి ఎవరిదంటారు?" అని దారినపోయే ప్రతివాళ్ళనీ ఆపి అడుగుతాడు. ఆ చెయ్యి ఎవరిదో తెలియక ఆయన వారం రోజులు దిగులుపడడం పెద్ద సిస్టర్ కళ్ళారా చూసింది.

ఇంతవరకూ అయితే ఆవిడ నవ్వుకుని ఊరుకునేది. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కించేది ఏటా ఆసుపత్రి వార్షికోత్సవం నాడు తీసే గ్రూపు ఫోటో. ఆ రోజు మెట్ల మీద అందరూ వరసలు కట్టేముందు ఒక తతంగం ఉంటుంది. "ఆయమ్మా, ఇది కాస్త పట్టుకో" అంటూ సిస్టర్లు చేతిసంచులు, కాంపౌండరు కళ్ళజోడు, డాక్టర్లు స్టెతస్కోపులు తెచ్చి ఆయమ్మకి అప్పగిస్తారు. వార్డులు తుడిచి, పక్కలు మార్చే ఆయమ్మ ఆ సామానంతా ఒంటికి తగిలించుకుని, బట్టల స్టాండులా మెట్ల పక్కన స్తంభం దగ్గర నిలబడుతుంది. స్టూడియో ఆయన వచ్చి రెండు నిమిషాల్లో ఒక ఫోటో తీసుకుని వెళ్ళిపోతాడు. ఆ తర్వాత లెన్సు బాబాయ్ దిగుతాడు.

గ్రూపు ఫోటోకి ఆయన వాడే లెన్సు పేరు కప్పకన్ను. మబ్బుల్ని ఫోటో తీసే ఆఫీసువాళ్ళు పారేసిన పరికరంలోది. ఉబ్బెత్తుగా, గుడ్లురిమి చూస్తున్నట్టు ఉంటుంది. ఎడమ గోడ నుంచి కుడి గోడ దాకా సర్వం అందులో పడాల్సిందే. మధ్యలో ఉన్నవాళ్ళు ఉబ్బుతారు, చివర ఉన్నవాళ్ళు విల్లులా వంగుతారు. ఒక ఏడు పెద్ద డాక్టరు గారి పొట్ట ముందొచ్చి, డాక్టరు గారు తర్వాత వచ్చినట్టు పడింది. ఆ పక్కనే నిలబడ్డ పెద్ద సిస్టర్ ముక్కు గురించి కుర్ర సిస్టర్లు నెలరోజులు చెప్పుకున్నారు.

పోనీ తొందరగా తీస్తాడా అంటే అదీ లేదు. "రెడీ" అంటాడు. అందరూ నవ్వుతారు. "ఒక్క నిమిషం" అంటాడు. స్టాండు కాలికి తగులుకుని తూలుతాడు, లెన్సు మూత నోట్లో పెట్టుకుని దానికోసం జేబులన్నీ వెతుకుతాడు, నల్లగుడ్డలో తల దూర్చి తుమ్ముతాడు. మళ్ళీ "రెడీ." మళ్ళీ "ఒక్క నిమిషం." అరగంటకి నవ్వులన్నీ వాడిపోయి, పెద్ద డాక్టరు ఆవలిస్తూ, కాంపౌండరు వీపు గోక్కుంటూ, పెద్ద సిస్టర్ తిడుతూ ఉండగా, సరిగ్గా అప్పుడు టక్కున నొక్కుతాడు. పద్దెనిమిదేళ్ళలో పెద్ద సిస్టర్ నోరు మూసుకుని ఉన్న ఫోటో ఒక్కటీ లేదు.

"ఏమయ్యా, మేం నవ్వినప్పుడు ఏడ్చావా? అప్పుడెందుకు నొక్కవు?"

"అప్పుడు కుదర్లేదు సిస్టర్ గారూ."

"ఇప్పుడేం కుదిరింది?"

"ఇప్పుడు కుదిరిందండీ" అని చంకలు గుద్దుకుంటూ చీకటిగదిలోకి పోయేవాడు. మనిషి మంచివాడు, రీలు ఖర్చు కూడా సొంతం, పైగా ఎవరింట్లో ఫోటో పాడైనా ఊరికే బాగుచేసి పెడతాడు. అందుకని ఎవరూ గట్టిగా కాదనలేకపోయేవారు.

ఇలా ఉండగా ఆయమ్మ ఉద్యోగ విరమణ దగ్గరికొచ్చింది. ఆసుపత్రి మేడమెట్ల దగ్గర ఒక గోడ ఉంది. సర్వీసు పూర్తిచేసుకుని వెళ్ళినవాళ్ళ ఫోటోలు దాని మీద వరసగా ఉంటాయి. అన్నీ డాక్టర్లవీ సిస్టర్లవీ. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రోజూ పొద్దున్నే వాటి అద్దాలు తుడిచేది ఆయమ్మే. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ, "నన్ను కూడా ఇక్కడ పెడితే నా అద్దం ఎవరు తుడుస్తారో!" అని నవ్వింది. నవ్వుతూనే అన్నా, ఆ మాటలోని ఆశ పక్కనే ఉన్న పెద్ద సిస్టర్‌కి అందింది. ఆవిడ తిన్నగా పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళి, ఆయన సరేననేదాకా కదల్లేదు.

"పెడదాం సిస్టర్. కానీ ఫోటో ఉండాలి కదా, ఖాళీ ఫ్రేము తగిలించలేం. శుక్రవారం మూడింటికి సభ. ఈలోగా చూడండి."

ఫోటో ఎంత పని అనుకుంది పెద్ద సిస్టర్. ఆయమ్మని స్టూడియోకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. దీపాలు వెలిగేసరికి ఆయమ్మ బిర్రబిగుసుకుపోయి, కళ్ళు గట్టిగా మూసేసుకుంది. ఆరుసార్లు తీస్తే ఆరింటిలోనూ ఇంజక్షనుకి భయపడే పేషెంటులాగే ఉంది.

"ఏంటి ఆయమ్మా, హాయిగా నవ్వొచ్చు కదా?"

"నావల్ల కాదమ్మా. ఉత్త చేతులతో కూర్చోబెడితే ఈ చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు. వదిలేయండి. నాకెందుకు గోడలూ ఫ్రేములూ?"

పెద్ద సిస్టర్ వదల్లేదు. ఆసుపత్రి ఆల్బములు దించి, స్టూడియో ఆయన తీసిన గ్రూపు ఫోటోలన్నీ తిరగేసింది. ఏ ఒక్కదాంట్లోనూ ఆయమ్మ లేదు. స్తంభానికి ఇవతలే ఫోటో అయిపోతుంది. తన చేతిసంచీ ఆయమ్మ భుజానికి తగిలించిందెవరో ఆవిడకి బాగానే గుర్తుంది. ఏటా తనే. సిగ్గుతో ఆవిడకి ఆ రాత్రి అన్నం సహించలేదు.

గురువారం మధ్యాహ్నం, గత్యంతరం లేక, లెన్సు బాబాయ్ చీకటిగది తలుపు కొట్టింది. ఎక్స్‌రేలు కంప్యూటరులో వచ్చేస్తున్నప్పటి నుంచి ఆ గది పూర్తిగా ఆయన రాజ్యం.

"ఏమయ్యా, ఆయమ్మ ఫోటో ఒకటి కావాలి. నీ దగ్గరేమైనా..."

"ఏ ఏడుది కావాలి సిస్టర్ గారూ?" అన్నాడు ఆయన, మందుల షాపులో చీటీ అందుకున్నట్టు.

ఆవిడ తెల్లబోయింది. ఆయన ఎక్స్‌రే కవర్ల కట్ట దించి బల్ల మీద పరిచాడు. పద్దెనిమిది కప్పకన్ను ఫోటోలు. మధ్యలో పద్దెనిమిది పొట్టలు, పద్దెనిమిది తెరిచిన నోళ్ళు. ఇప్పుడు వాటిని ఎవరు చూస్తారు! ఎడమ అంచున, స్తంభం పక్కన, అరటాకులా వంగిపోయి ఆయమ్మ ఉంది. అన్నింట్లోనూ నవ్వుతూనే ఉంది. మొదటి మూడేళ్ళూ నలిగిన కోటు, ఆ తర్వాత ఇస్త్రీ కోటూ నున్నగా దువ్విన తలా.

"మొదటి ఏడు పిలిచి మధ్యలో నిలబెట్టి చూశానండీ, మీకు గుర్తుండదు. కళ్ళు మూసేసుకుంది. మళ్ళీ స్తంభం దగ్గరికే పంపేశాను. ఫోటోలో తను లేదనుకుంటేనే ఆవిడ నవ్వుతుంది. మరి స్తంభం దాకా రావాలంటే మామూలు లెన్సు చాలదు."

"మరి ఆ అరగంటసేపు కోతి చేష్టలన్నీ?"

"నేను తూలితేనో, తుమ్మితేనో, మీరు తిడితేనో ఆవిడకి నవ్వొస్తుంది. ఆవిడ నవ్వినప్పుడు నొక్కేవాణ్ణి. మీరు మంచి సాయం చేశారు సిస్టర్ గారూ, మీ తిట్లకి ఎక్కువ నవ్వేది."

పెద్ద సిస్టర్ తెరిచిన నోరు మళ్ళీ తెరిచే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్ళు ఈ మనిషిని ఎన్నేసి మాటలంది! ఒక్కసారైనా నోరు విప్పి చెప్పి ఉండొచ్చు కదా! చెబితే అందరూ ఆయమ్మని లాక్కొచ్చి నిలబెట్టేవారు, ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకునేది. అది ఆలోచిస్తే ఆవిడకే తెలిసింది.

"అంతా బాగానే ఉంది గానీ, ఈ వంకర మనిషిని గోడ మీద ఎలా పెడతాం?"

"ఒక్క నిమిషం" అన్నాడు ఆయన. ఆ మాటకి ఆవిడకి మొదటిసారి కోపం రాలేదు. కప్పకన్నుని కెమెరా నుంచి విప్పి, ఫోటోలు పెద్దవి చేసే మిషనుకి బిగించి, లోపల పాత రీలు ముక్క పెట్టాడు. "ఏ లెన్సు వంచిందో దాంట్లోంచే వెనక్కి పంపితే వంకర దానంతటదే తీరిపోతుందండీ." ఎర్రదీపం కింద, పళ్ళెంలోని మందునీళ్ళలో కాగితం మీద ఆయమ్మ మెల్లగా తేలింది. నిటారుగా నిలబడి, తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. పెద్ద సిస్టర్ కళ్ళు తుడుచుకుని, మందునీళ్ళ ఘాటు అని చెప్పింది.

శుక్రవారం మూడింటికి పెద్ద డాక్టరు గోడ మీది తెర తీశారు. మెడలో రెండు స్టెతస్కోపులు, భుజానికి సంచులు, ఆసుపత్రి అంతా తనదే అన్నట్టు ఆయమ్మ నవ్వుతోంది. పక్కనున్న డాక్టర్లందరికంటే పెద్ద డాక్టరులా ఉంది.

"అరే, అది నా స్టెతస్కోపే!" అన్నారు పెద్ద డాక్టరు. అందరూ గొల్లుమన్నారు. ఆయమ్మ మాత్రం దగ్గరికెళ్ళి చాలాసేపు చూసుకుంది. పెద్ద సిస్టర్ ఆగలేక, లెన్సు బాబాయ్ పద్దెనిమిదేళ్ళ గుట్టంతా అక్కడే బయటపెట్టేసింది. ఆయన నేల చూపులు చూస్తూ, "తప్పేనండీ, చెప్పకుండా తీశాను. ఏమీ అనుకోకు ఆయమ్మా" అన్నాడు.

"చెప్పకపోతే తెలీదా నాయనా?" అంది ఆయమ్మ. "నీ చీకటిగది ఊడ్చేదెవరు? నువ్వు తీయడం మొదలెట్టిన మూడో ఏటే చూశాను, తీగకి వేలాడుతూ నా మొహమే."

లెన్సు బాబాయ్ తలెత్తాడు. "తెలిసి... మరి తెలిస్తే కళ్ళు మూసుకోవాలి కదా? ఇన్నేళ్ళూ ఎలా నవ్వావు?"

"ఏం చెయ్యను మరి? నువ్వు చూస్తే అంత కష్టపడతావు, మధ్యలో వీళ్ళంతా మూతులు ముడుచుకుని నిలబడతారు. పాపం, నీ ఫోటోలో ఒక్కరైనా నవ్వకపోతే ఎలా అని నవ్వేదాన్ని."