అమృతవల్లి పాట

మొదట అకార్డియన్ వినిపించేది. తిరుత్తణి నేతవీధి మలుపు అవతల ఎక్కడో, గంజి పెట్టిన నూలు వీధి పొడుగునా సాగినట్టు, ఒక పాట. అది చెవిన పడగానే మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయేవి. శవం వస్తోందని తెలిసేది. పాడెకు ముందు, ఎర్రకోట్ల బ్యాండుకు ముందు, దండపాణి వచ్చేవాడు.

ఆ పాట చావు కోసం పుట్టింది కాదు. మద్రాసులో పెద్ద హోటల్లో జాజ్ బృందానికి పియానో వాయించే రోజుల్లో, కొత్త పెళ్లాం అమృతవల్లి కోసం కట్టాడు. ఎడమచెయ్యి మగ్గంలా ఆడేది. కుడిచెయ్యి ఆమె నవ్వులా తప్పించుకుని పరుగెత్తేది. బృందం నాయకుడు జయచంద్ర విని భుజం తట్టాడు. డెబ్బైరెండులో ఆ పాట రికార్డుగా వచ్చింది. అట్టమీద, కట్టినవాడు జయచంద్ర అని ఉంది. దండపాణి అడిగితే, "మగ్గం గుంటలో పుట్టినోడికి జాజ్ యాడిదిరా?" అని హోటలంతా వినేలా నవ్వాడు.

దండపాణి ఊరికొచ్చి బ్యాండు పెట్టాడు. పియానో వీధిలో నడవదు గనుక అకార్డియన్ మెడకు తగిలించుకున్నాడు. పెళ్లిళ్లకు సినిమా పాటలు. చావులకు మాత్రం ఆ పాటే. తిరువళ్లూరు, పూండి, తిరునిన్రవూరు, ఏ ఊరి బ్యాండు అడిగినా నేర్పాడు. ఒకటే షరతు: పాడె ముందు తప్ప వాయించకూడదు.

"నా పాటను పీనుగుల పాలు చేస్తివే," అని అమృతవల్లి ఏడ్చింది. ఆయన పాడెల ముందు దాన్నే వాయిస్తూ పోయాడు. పదకొండేళ్లు.

ఎనభైమూడులో తిరువళ్లూరు రైసుమిల్లు పచ్చయ్యప్ప కొడుకు పెళ్లి. రిసెప్షన్‌కు జయచంద్ర ఆర్కెస్ట్రా. ఊరేగింపు వాయించి వచ్చిన దండపాణి వెనక కుర్చీలో కూర్చున్నాడు. తనకు పేరు తెచ్చిన పాట అని మైకులో చెప్పి, జయచంద్ర మొదలుపెట్టాడు.

నాలుగు స్వరాలు. పెళ్లికొడుకు అవ్వ సెల్లమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, ఎవురు పోయినారప్పా!"

పచ్చయ్యప్ప వేదికెక్కి మైకు లాగేశాడు. "నా కొడుకు పెండ్లిలో సావుపాటనా? దిగరా కిందికి!"

వ్యాను ఎక్కబోతూ జయచంద్ర దండపాణిని చూశాడు. "ఆ పాటనేం చేసినావురా?"

"పేరు నీదే కదన్నా. బద్రంగా పెట్టుకో."

మర్నాడు అమృతవల్లి ఎదుట కూర్చుంది. "తీరె కదా నీ పగ. ఇంక నా పాట నాకు వాయించు."

ఆయన అకార్డియన్ తీశాడు. రెండు స్వరాలు పలికేసరికి పక్కింటి మగ్గం ఆగిపోయింది. ఎవరో తలుపు తీసి వీధిలోకి చూశారు. ఆయన తిత్తి మూసేశాడు. మళ్లీ ఇంట్లో తెరవలేదు.

ఏళ్ల తర్వాత తనను వెతుక్కుంటూ వచ్చి ఈ సంగతులు రాసుకున్నవాణ్ణి బస్సు దాకా సాగనంపుతూ దండపాణి అన్నాడు: "జయచంద్ర పోయినాడని తెలిస్తే ఒక కార్డుముక్క రాయి సామీ. బ్యాండు ఎత్తుకోని మద్రాసుకు వస్తా. పైసా తీసుకోకుండా ఓసిగా వాయిస్తా, ఆఖరి దాకా."